సిగ్నలు వరండాలో పడుకుంది

తార్నాక,
14-9-2011.

చిరంజీవి వెంకటనర్సయ్యకు ఆశీస్సులు.

ఇక్కడ నేనూ మీ అవ్వ చెన్నమ్మా క్షేమం. నువ్వు దగ్గరుండి కొనిపెట్టిన లాప్‌టాప్ కూడా క్షేమమే. కానీ అందులో నువ్వు వేసిచ్చిన రైలు ఆటలో నిన్న సాయంత్రం 5.10కి బండి ఆగిపోయింది. చెడిపోయి ఆగలేదు. నేనే ఆపాను.

కొండదారి దిగి ఏడో మైలు దాటగానే ఒక సిగ్నలు స్తంభం వచ్చింది. స్తంభం ఉంది, దాని మీద లైటు లేదు. ఎరుపూ లేదు, ఆకుపచ్చా లేదు. నాది ముప్పై తొమ్మిదేళ్ల రైల్వే సర్వీసు. వెలగని సిగ్నలు ఎర్ర సిగ్నలుతో సమానమని మాకు మొదటి రోజే నేర్పారు. స్టేషన్ మాస్టరు కాగితం రాసి చేతికిస్తే తప్ప దాన్ని దాటకూడదు. రెండు గంటల నలభై నిమిషాలు చూశాను, ఏ స్టేషన్ మాస్టరూ రాలేదు. అన్నానికి పిలిస్తే ఆట సేవ్ చేసి మూత వేశాను.

సిగ్నలు బాగుచేయించు, లేదా దాటమని కాగితం రాసి పంపు. ఫోను చెయ్యకు. నోటిమాట మీద నేను ఏనాడూ బండి కదల్చలేదు. మా ఇంట్లో గిన్నెలు తోమి మీ హాస్టల్ మెస్‌లో వంటకు వెళ్లే, నిన్ను మాకు పరిచయం చేసిన కాశమ్మ చేతికి ఈ ఉత్తరం ఇస్తున్నాను.

ఇట్లు,
కె. రంగనాథ్,
మెయిల్ డ్రైవరు, రిటైర్డ్.

తా.క. బండి ఆగి ఉండగా డైనింగ్ టేబుల్ తుడవొచ్చా అని మీ అవ్వ అడుగుతోంది. పట్టాల దగ్గర పని చేసేటప్పుడు పాటించాల్సిన జాగ్రత్తలు చెప్పి అనుమతించాను.


యూనివర్సిటీ హాస్టల్, రూం నంబరు 47,
15-9-2011.

గౌరవనీయులైన రంగనాథ్ తాతకు నర్సయ్య దండాలు.

తాతా, మీ ఉత్తరం అందింది. గేటు కాడ పోలీసులు కాశమ్మను ఆపి, గీ కాగితం ఏందని అడిగిన్రట. సిగ్నల్ లైటు ఎలుగుతలేదని కంప్లైంట్ అన్నదట. "మాకేం సంబంధం, కరెంటోళ్లకు ఇయ్యి" అని పంపిన్రు. ప్రత్యేక రాష్ట్రం కోసం సమ్మె మొదలైనప్పటి సంది క్యాంపస్ నిండ పోలీసులే.

ఇగ మీ పరేషాన్ సంగతి. సిగ్నల్ ఖరాబు కాలేదు. మనది తక్కువ ధర లాప్‌టాప్ కద తాతా. బొమ్మలు గీసేటందుకు దాంట్ల వేరే కార్డు లేదు. గ్రాఫిక్స్ మెమరీ 64 ఎంబీ ఉన్నది, ఆట అడిగేది 256. మా రూము లెక్కనే అనుకోండ్రి. ఇద్దరికి ఇచ్చిన రూముల ఎనిమిది మందిమి ఉంటున్నం. తొమ్మిదోడు వస్తే ఒకడు వరండాల పండాలె. కొండలు, చెట్లు, పెట్టెలు, మనుషులు అంత లోపట పండినంక జాగ సాలక మీ సిగ్నల్ లైటు వరండాల పండింది, గంతే. లైటు ఆడ్నే ఉంటది, మనకే కనబడది.

మెమరీ పెంచుదమంటే మన దాంట్ల వీలుకాదు, బోర్డుకే అతికిచ్చి ఉంటది. ఒక పని చేయుండ్రి. ఆప్షన్స్‌లకు పోయి గ్రాఫిక్స్ అని ఉన్నకాడ అన్నిటిని కిందికి గుంజుండ్రి. జర జాగ దొరుకుతది. ఇగ కాగితం గీగితం ఎందుకు తాతా, అది ఆట. ఎనభై స్పీడుల కొట్టుకపోండ్రి, ఏం కాదు.

మీ
వెంకటనర్సయ్య, ఎంసీఏ రెండో సంవత్సరం.

తా.క. పరీక్షలు మళ్ల వాయిదా పడ్డయి. మూడో సంవత్సరానికి పోయే సిగ్నల్ నాక్కూడ ఎలుగుతలేదు.


తార్నాక,
17-9-2011.

చిరంజీవి నర్సయ్యకు ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. "ఏం కాదు" అని స్టేషన్ మాస్టరు ఎవరూ రాసివ్వరు. అందువల్ల దాన్ని అధికార పత్రంగా స్వీకరించలేకపోతున్నాను.

గ్రాఫిక్స్ అన్నీ కిందికి లాగాను. ఫలితాలు ఇవి. ఎడమవైపు కొండ పోయింది. చెట్లు అట్టముక్కల్లా అయ్యాయి. నా బండికి పద్నాలుగు పెట్టెలు ఉండాలి, వెనక్కి తిరిగి చూస్తే తొమ్మిదే ఉన్నాయి. అయిదు పెట్టెల జనం ఏమయ్యారో తెలియక నిన్న మధ్యాహ్నం అన్నం సరిగ్గా సహించలేదు. వెనక స్టేషను ప్లాట్‌ఫారం మీద ఒక్క పురుగు లేదు. టీ కొట్టువాడు కూడా లేడు. అన్నిటికంటే ముఖ్యం, సిగ్నలు లైటు ఇంకా కనపడలేదు.

బండి అక్కడే ఉంది.

ఇట్లు,
కె. రంగనాథ్,
మెయిల్ డ్రైవరు, రిటైర్డ్.

తా.క. సిగ్నలు కనపడని సంగతి మీ అవ్వతో అనకు. కారణం అడక్కు.

ఇంకొక తా.క. పై ఇంటి కమలాదేవి గారు కూర్చుని చూసి, "ఇందులో కథేమిటండీ, బండి ఎప్పుడు కదులుతుంది?" అన్నారు. రైలు అంటే ఎక్కువ భాగం ఆగి ఉండటమేనని చెప్పాను. సీరియల్ టైమయిందని వెళ్లిపోయారు.


యూనివర్సిటీ హాస్టల్,
18-9-2011.

రంగనాథ్ తాతకు నర్సయ్య దండాలు.

పెట్టెలు యాడికి పోలేదు తాతా, జాగ సాలక గీస్తలేదు. జనం భద్రంగ ఉన్నరు. మంచిగ అన్నం తినుండ్రి.

ప్లాట్‌ఫారం మీద మనుషులు లేరంటే నాకు నవ్వొచ్చింది. వచ్చే శనివారం, ఐతారం రైల్ రోకో ఉన్నది. మేమందరం పట్టాల మీదికే పోతున్నం. మీ ఆటల జనం మాకంటే ముందే పోయి కూసున్నరేమో! టీ కొట్టాయన కూడ సమ్మెల ఉండొచ్చు. గందుకే ఎవ్వలు కనబడ్తలేరు.

అవ్వకు ఎందుకు చెప్పొద్దన్నరో అర్థమైంది. లాప్‌టాప్ కొన్నప్పుడే "ముసలోనికి ఆటలెందుకు" అన్నది కద. ఫికర్ లేదు, నా నోట్ల నుంచి మాట రాదు.

మీ నర్సయ్య.

తా.క. మా రూముల తొమ్మిదోడు నిజంగనే వచ్చిండు. నేను వరండాల పండుకుంట గీ ఉత్తరం రాస్తున్న. సిగ్నల్ లైటు బాధ ఇప్పుడు నాకు మంచిగ తెలుస్తున్నది.


తార్నాక,
21-9-2011.

చిరంజీవి నర్సయ్యకు ఆశీస్సులు.

రైల్ రోకో సంగతి పేపర్లో కూడా చూశాను. ఆటలో జనం నిజంగా సమ్మెలో ఉన్నారో, నువ్వు హాస్యమాడావో నాకు తెలియదు. ఏదైనా సరే, ఆదివారం సాయంత్రం దాకా బండి తియ్యను. మీ ఉద్యమం విషయంలో మీదొక మాట, మాదొక మాట. మాది గుంతకల్లు. ఈ ఊరికి వచ్చి ఇరవై ఏళ్లయినా పొద్దున్నే పేపరు తెరవాలంటే భయమేస్తోంది. కానీ డెబ్బైనాలుగు సమ్మెలో పందొమ్మిది రోజులు జైల్లో కూర్చున్నవాణ్ని. ఆగినవాళ్ల మీదికి బండి తీసే అలవాటు నాకు లేదు.

ఇప్పుడు అసలు సంగతి. ఇది రాయడానికి మూడు కాగితాలు చించాను.

అవ్వకు చెప్పొద్దన్నది ఆటల గురించి కాదు నాయనా, కండ్ల గురించి. 2005లో రైల్వే వాళ్లు మామూలుగా చేసే పరీక్షలో నా కండ్లు పనికిరావన్నారు. శుక్లాలు. ఆ రోజే నన్ను ఇంజను నుంచి దించేశారు. మిగిలిన మూడేళ్లూ ఆఫీసులో కూర్చుని ఎవరు ఏ బండి నడపాలో జాబితాలు రాశాను. మా దగ్గర ఒక పద్ధతి ఉంది. రిటైరయ్యే డ్రైవరు చివరి బండి తెచ్చి నిలిపితే, ఇంజనుకూ మనిషికీ దండ వేస్తారు. ఇంటివాళ్లు ప్లాట్‌ఫారం మీద నిలబడతారు. నాకు కుర్చీలో వేశారు. చెన్నమ్మతో మాత్రం, ఒళ్లు అలిసిపోయి నేనే బండి దిగానని చెప్పాను.

తర్వాత ఆపరేషన్ చేయించుకున్నాను, చూపు వచ్చింది. ఈ ఆటలోనైనా ఒక్క బండి చివరి స్టేషనుదాకా తప్పు లేకుండా చేర్చాలని ఆశపడ్డాను. ఇంతలో నువ్వు రాశావు, "లైటు ఆడ్నే ఉంటది, మనకే కనబడది" అని. ఆరేళ్ల కిందట డాక్టరు కూడా ఇదే మాట అన్నాడు. కండ్లు మళ్లీ పోతున్నాయని అర్థమైంది. అదేదో మెమరీ అని, ముసలివాడి మనసు నొప్పించకుండా చెప్పావు. నీది మంచి మనసు.

ఇట్లు,
కె. రంగనాథ్,
జాబితాలు రాసే గుమాస్తా, రిటైర్డ్.

తా.క. ఎక్కువ రోజులు నిలిపే బండి చక్రాలకు చెక్కలు అడ్డం పెట్టాలని రూలు. ఆటలో ఆ వీలు లేదు. లాప్‌టాప్‌కే అటు పప్పుగుత్తి, ఇటు అట్లకాడ పెట్టాను.


యూనివర్సిటీ హాస్టల్,
22-9-2011.

తాతా,

దండాలు. మీ ఉత్తరం మూడుసార్లు చదివిన. మూడోసారి చదివేటప్పుడు కాశమ్మ వచ్చి, "ఎందుకు బిడ్డా గట్లున్నవ్, ఇంటికాడ అందరు మంచిగున్నరా?" అని అడిగింది. తప్పు నాదే. కనబడది అన్నది లాప్‌టాప్ సంగతి, మీ కండ్ల సంగతి కాదు. ఒట్టు.

నోటిమాట మీరు నమ్మరని తెలుసు. గందుకే టెస్టు పెడుతున్న. మీ డాబా మీదికెళ్లి మా హాస్టల్ నీళ్ల ట్యాంకు కనబడ్తదని మీరే ఒకసారి చెప్పిన్రు. రేపు శుక్రవారం సాయంత్రం నాలుగు గంటలకు నేను మిద్దె మీద ట్యాంకు పక్కన నిలబడి గుడ్డలు చూపిస్త. ఎరుపు మా రూముమేటు తువ్వాల. ఆకుపచ్చ నా దుప్పటి. పసుపు కాశమ్మ పాత చీర. నిమిషానికొకటి. మీరు టైముతోని సహ రాసి పంపుండ్రి. నేను ఏ వరసల చూపిస్తనో ముందే రాసి, కవరు అంటించి కాశమ్మకు ఇస్త. రెండు కలిపి చూద్దాం.

మీ నర్సయ్య.

తా.క. అద్దాలు పెట్టుకోవచ్చు. అవ్వను పక్కన నిలబెట్టుకొని అడుగుడు మాత్రం కాపీ కొట్టినట్టే.


తార్నాక,
23-9-2011, సాయంత్రం 4.20.

చిరంజీవి నర్సయ్యకు,

పరీక్ష నివేదిక:

4.02 ఎరుపు.
4.03 ఆకుపచ్చ.
4.04 పసుపు.
4.05 ఎరుపు. తువ్వాలు కుడి అంచు చిరిగి ఉంది.
4.06 ఆకుపచ్చ.
4.07 ఖాకీ. ఇది నువ్వు చూపింది కాదు. నీ వెనక మెట్లెక్కి వచ్చింది. ముగ్గురు. మూడో ఆయన లాఠీ ఎడమచేత్తో పట్టుకున్నాడు. ప్రమాద సూచనగా నేను విజిల్ మీద విజిల్ వేశాను. నీకు వినపడలేదు, వీధిలో కుక్కలు మాత్రం వచ్చాయి.
4.08 ఎవరూ లేరు. పసుపు చీర పిట్టగోడ మీద ఉంది.

ఈ నివేదిక రెండు ప్రతులు రాశాను. ఒకటి నీకు. రెండోది పట్టుకుని పోలీసు స్టేషనుకు బయలుదేరుతున్నాను.

ఇట్లు,
కె. రంగనాథ్.

తా.క. మీ అవ్వ కూడా వస్తోంది. ఎందుకని అడగలేదు, చెప్పులు వేసుకుని ముందే గేటు దగ్గర నిలబడింది.


యూనివర్సిటీ హాస్టల్,
25-9-2011.

తాతకు, అవ్వకు నర్సయ్య వెయ్యి దండాలు.

శుక్రవారం మీరు వచ్చేదాంక స్టేషన్ల ఏం నడిచిందో మీకు తెల్వది. చెప్తా ఇనుండ్రి.

ఎస్సై సార్ అడిగిండు: "రేపు రైల్ రోకో. ఇయ్యాల మిద్దె మీదికెళ్లి ఎవలకు సిగ్నల్ ఇస్తున్నవ్?"

"ఒక రైలు డ్రైవర్‌కు సార్."

అంతే, ఆయన కుర్చీల నిటారుగ కూసున్నడు. "బండి ఏడున్నది?"

"ఆగి ఉన్నది సార్."

"ఎప్పటి సంది?"

"పది రోజుల సంది."

"పది రోజులా! ఏ స్టేషన్ల?"

"స్టేషన్ల కాదు సార్, తార్నాకల. డైనింగ్ టేబుల్ మీద."

ఆయన పెన్ను కింద పెట్టిండు. నేను గ్రాఫిక్స్ మెమరీ గురించి మొదలుపెట్టిన. గప్పుడే మీరు నివేదిక పట్టుకొని లోపటికొచ్చిన్రు. మీరు చూసిన్రో లేదో గని, ఆయన దాన్ని చదువుకుంట చదువుకుంట 4.07 కాడ ఆగి, తల ఎత్తి తన మనుషుల దిక్కు చూసిండు. మూడో ఆయన లాఠీని గప్పుడు కూడ ఎడమచేతిలోనే పట్టుకొని ఉన్నడు. సక్కగ కుడిచేతిలకు మార్చుకున్నడు. ఎస్సై సార్ నవ్వు ఆపుకోలేకపోయిండు. "పెద్దాయనా, అంత దూరంకెళ్లి ఎడమ చెయ్యి కనబడ్డదా? నాకు బస్సు నంబరే కనబడ్తలేదు" అన్నడు. మీ ఎన్కనే వచ్చిన కాశమ్మ తాన కవరు తీసుకొని చింపి చూసిండు. ఎరుపు, ఆకుపచ్చ, పసుపు, ఎరుపు, ఆకుపచ్చ. అన్నీ కరెక్టు, గందుకే నన్ను ఇడిసిపెట్టిండు. ఖాకీ నేను రాయలేదు, అది బోనస్.

తాతా, మీ కండ్లకు ఏం కాలేదు. ఇగ కాగితం మీద రాసిస్తున్న, దాచుకోండ్రి.

నిన్న పట్టాల మీద కూసున్నప్పుడు మీరే యాదికొచ్చిన్రు. గుంతకల్లు డ్రైవర్ ఒకాయన మా కోసం బండి నిలిపిండని దోస్తులకు చెప్పిన. ఏం బండో చెప్పలేదు. మస్తు చప్పట్లు కొట్టిన్రు.

ఇగ మీరు మొదటి రోజు సంది అడుగుతున్నది:

"అధికార పత్రం. బండి డ్రైవరు శ్రీ కె. రంగనాథ్ గారికి. ఏడో మైలు దగ్గర వెలగని సిగ్నలును దాటుటకు ఇందుమూలంగా అనుమతి ఇవ్వడమైనది. దారి మొత్తం ఖాళీ. ఎనభైల పోండ్రి."

సంతకం పెట్టిన. ముద్ర లేకుంటే మీరు ఒప్పుకోరని మెస్ ముద్ర కొట్టిచ్చిన.

మీ
వెంకటనర్సయ్య, స్టేషన్ మాస్టరు, రూం నంబరు 47 వరండా.

తా.క. కాశమ్మ చీర పోలీసుల కాడ్నే ఉన్నది. సాక్ష్యమట. ఆమె నాతోని మాట్లాడుతలేదు, నా పప్పుల నీళ్లు ఎక్కువైనయి.


తార్నాక,
26-9-2011, సాయంత్రం 7.15.

చిరంజీవి నర్సయ్యకు ఆశీస్సులు.

నీ అధికార పత్రం అందింది. సంతకం ఉంది, ముద్ర ఉంది, సాంబారు మరక ఉంది. చెల్లుతుంది. ఒక్క సవరణ చేశాను. ఇలాంటి కాగితం మీద సిగ్నలు దాటే బండి గంటకు పదిహేను కిలోమీటర్ల వేగానికి మించి పోకూడదు. ఎదుట ఏది కనపడినా ఆపేటట్టు చెయ్యి బ్రేకు మీదే ఉండాలి. అందువల్ల నువ్వు రాసిన "ఎనభైల పోండ్రి" కొట్టేసి, పక్కన పొట్టి సంతకం పెట్టాను.

5.40కి పప్పుగుత్తి, అట్లకాడ తీశాను. హారన్ కొట్టి సిగ్నలు దాటాను. పట్టాలు శుభ్రంగా ఖాళీ. నువ్వు చెప్పిందే నిజమేమో, ముసలివాణ్ని అనవసరంగా చాదస్తం చేశానేమో అనుకున్నాను. రెండు వందల గజాలు పోయాక, సరిగ్గా ముప్పై గజాల ముందు, గాలిలోంచి ఊడిపడ్డట్టు ఒక గూడ్సు బండి వెనక పెట్టె కనపడింది! బ్రేకు వేశాను. దానికి ఆరు గజాల దూరంలో ఆగాను.

అర్థమైందా నర్సయ్యా? ఆ సిగ్నలు ఈ పదమూడు రోజులూ ఎర్రగానే ఉంది. లైటు ఒక్కటే కాదు, గూడ్సు బండి కూడా మీ వరండాలోనే పడుకుంది. మొదటి రోజు నీ మాట విని ఎనభైలో పోయి ఉంటే నా పద్నాలుగు పెట్టెల జనం, కనపడే తొమ్మిదీ కనపడని అయిదూ, ఏమయ్యేవాళ్లు?

నేను వెనక చేరాక కదలాలని ఆటలో రాసిపెట్టారో ఏమో, నాలుగు నిమిషాలకు గూడ్సు కదిలింది. దాని వెనకే పోయి 6.20కి చివరి స్టేషను చేరాను. పదమూడు రోజుల నలభై నిమిషాలు ఆలస్యం. తప్పులు లేవు.

బండి నిలిపి తల ఎత్తేసరికి టేబుల్ పక్కన చెన్నమ్మ నిలబడి ఉంది. చేతిలో బంతిపూల దండలు రెండు. పద్ధతి ప్రకారం ముందు ఇంజనుకు వేసింది, అంటే లాప్‌టాప్‌కు. తర్వాత నాకు. "బండి ఆరేండ్లు లేటు. అయినా చేరింది గదా" అంది.

"నీకు తెలుసా?" అన్నాను.

"రైల్వే కాలనీలో బండి కంటే ముందు వార్త వచ్చేస్తాది. నీ కండ్ల సంగతి ఆ పొద్దు సాయంత్రమే తెలుసు."

"మరి ఒక్కనాడూ అడగలేదే?"

"నీ నోటి నుంచి సిగ్నలు రాలేదు. రూలు నీకొక్కనికేనా? నేనూ ఆగినా."

ముప్పై తొమ్మిదేళ్ల సర్వీసులో ఎన్నడూ లేనిది, ఇంజను ముందు కూర్చుని ఏడ్చాను. తర్వాత ఇద్దరం చాలాసేపు నవ్వుకున్నాం.

మీ ఊరేదో మా ఊరేదో ఎటు తేలుతుందో నాకు తెలియదు నాయనా. నువ్వు మాత్రం చదువు ఆపకు. వెలగలేదని సిగ్నలే లేదనుకోవద్దు. కాగితం వచ్చేదాకా ఓపిక పట్టు, వచ్చాక ముందు చూసుకుంటూ నెమ్మదిగా పో. ఆదివారం భోజనానికి రా. తొమ్మిదోవాణ్ని కూడా తీసుకురా, మా ఇంట్లో జాగా ఉంది.

ఇట్లు,
కె. రంగనాథ్,
మెయిల్ డ్రైవరు.

తా.క. నీ ఉత్తరాలన్నీ కాశమ్మ మొదట వంటింట్లో ఇచ్చేదట. చెన్నమ్మ చదివి, మళ్లీ అంటించి, ఏమీ ఎరగనట్టు నా చేతికిచ్చేదట. "ముసలోనికి ఆటలెందుకు" అన్న మాట తను అనలేదని, "ముసలాయనకు" అన్నానని రాయమంటోంది.

ఇంకొక తా.క. కాశమ్మకు మీ అవ్వ కొత్త పసుపు చీర ఇచ్చింది. రేపటి నుంచి నీ పప్పు చిక్కబడుతుంది.

ఆఖరి తా.క. అత్యవసరం. దండలోని బంతి రేకు ఒకటి లాప్‌టాప్ మీటల సందులో దూరింది. అరగంట నుంచి హారన్ ఆగడం లేదు. కమలాదేవి గారు రెండుసార్లు వచ్చి వెళ్లారు. మూత వేద్దామంటే, ప్లాట్‌ఫారం మీద నిలిపిన ఇంజనును పై ఉత్తర్వు లేకుండా ఆర్పకూడదు. నీ కాగితం కోసం ఎదురుచూస్తున్నాను.